9 బై 8 గదిలో మిక్సింగ్ కుదురుతుందా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కాజీపేట. ఫోక్ పాటలకు ట్రాకులు చేసి, గొంతునూ వాద్యాలనూ కలిపి సర్దే మిక్సింగ్ చేస్తుంటాను. ఇన్నాళ్లూ హెడ్‌ఫోన్లతోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు ఇంట్లో సామాన్ల గది ఖాళీ చేసి నాకిచ్చారు. పొడవు 9 అడుగులు, వెడల్పు 8, ఎత్తు 10. వెనక గోడకు ఒక మూల తలుపు, ఎడమ గోడకు చిన్న కిటికీ. లక్ష రూపాయలు కూడబెట్టాను. ఒకాయన వచ్చి చూసి, నాలుగు గోడలకూ పైకప్పుకూ ఫోమ్ అంటిస్తే స్టూడియో రెడీ, 40 వేలు అవుతుంది అన్నాడు. మా ఫ్రెండేమో ఇంత చిన్న గదిలో మిక్సింగ్ కుదరదు, అద్దెకు పెద్దది చూసుకో అంటున్నాడు. పెద్ద స్పీకర్లు కొనాలా, సబ్‌వూఫర్ పెట్టాలా, ఏమీ తోచట్లేదు. పట్టాల దగ్గరే ఇల్లు, రైళ్ల చప్పుడు ఒకటి. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఫోమ్ ఆయనకు అడ్వాన్స్ ఇవ్వకు. అద్దె గది కూడా వెతకకు. హనుమకొండలో నీ గదికంటే ఇంకో అర అడుగు చిన్న అర్రలో నేను ఆరేళ్లు పనిచేశాను. కుదురుతుంది. కాకపోతే చిన్న గది నీకు అబద్ధం చెబుతుంది. ఎక్కడ చెబుతోందో కనిపెట్టాలి, తగ్గించగలిగినంత తగ్గించాలి, మిగిలింది గుర్తుపెట్టుకుని పనిచేయాలి. నీ లక్ష ఈ వరసలో ఖర్చవ్వాలి.

ఫోమ్ వద్దని ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను. మొదట్లో నేనూ అదే చేశాను. నాలుగు గోడలకూ రెండంగుళాల ఫోమ్ పలకలు అంటించి, వెనక గోడకు వీపు ఆనేలా కుర్చీ వేసుకున్నాను. వచ్చినవాళ్లంతా థియేటర్‌లా ఉందన్నా అంటుంటే సంబరపడ్డాను. ఆ ఏడు బతుకమ్మకు ఒక పాట మిక్స్ చేశాను. డప్పు, ఒక ఆడ గొంతు, కోరస్, కింద బాస్, అంతే. గదిలో డప్పు మొద్దుగా వినిపిస్తోందని సిటికెన పుల్ల (డప్పు కొట్టే సన్న పుల్ల) దెబ్బ పైకి తేలేలా ట్రెబుల్ పెంచాను. బాస్ గదంతా గుమ్మంటోందని 60, 70 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో ఆ లెక్క) దగ్గర బాగా కోసేశాను. ఇంతకంటే బాగా ఎవరూ చేయలేరు అనిపించింది.

సద్దుల బతుకమ్మ రోజు రాత్రి మా వాడ గ్రౌండ్‌లో డీజే బాక్సుల మీద అదే పాట పెట్టారు. సిర్ర (డప్పు కొట్టే దళసరి కర్ర) దెబ్బ పడుతుంటే గుండెకు తగలాల్సిన బరువు లేదు. సిటికెన పుల్ల మాత్రం రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్టు చెవిలో గుచ్చుకుంటోంది. చుట్టూ తిరుగుతూ ఆడుతున్న ఒక పెద్దమ్మ, బాక్సు ముందుకు వచ్చిన ప్రతిసారీ చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని దాటుతోంది. మూడు చుట్లూ చూశాను. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

తప్పు చెవిది కాదు, గదిది. రెండంగుళాల ఫోమ్ పై స్వరాలను పీల్చేస్తుంది, బాస్‌ను ముట్టుకోను కూడా ముట్టుకోదు. 63 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు 18 అడుగులు. దాని ముందు రెండంగుళాల స్పాంజి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అంటే నాలుగు గోడలకూ ఫోమ్ వేస్తే గదిలో ట్రెబుల్ చచ్చిపోతుంది, బాస్ ఎప్పటిలాగే మోగుతుంది. అందులో కూర్చున్నవాడు ట్రెబుల్ పెంచుతాడు, బాస్ తగ్గిస్తాడు. పాట బయటికి వెళ్లాక తిరగబడుతుంది. కోడిగుడ్ల ట్రేల సంగతి ఎవరైనా చెబితే అది కూడా వినకు, అవి ఇంకా పలచన. పైగా మామూలు ఫోమ్‌కు నిప్పు అంటుకుంటే క్షణాల్లో పాకుతుంది, పొగ విషం. చిన్న గది, ఒకటే తలుపు, కింద ఎక్స్‌టెన్షన్ బాక్సులు. ఒక్క ఈ కారణం చాలు వద్దనడానికి.

ఇప్పుడు నీ గది. ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటూ కొన్ని స్వరాల దగ్గర మాత్రం ఉబ్బిపోతుంది. లెక్క సులువు: 565ని గోడల మధ్య దూరంతో, అడుగుల్లో, భాగించు. నీ 9 అడుగులకు 63 హెర్ట్జ్ వస్తుంది, 8కి 71, 10కి 56 చిల్లర. మూడూ పక్కపక్కనే పడ్డాయి చూశావా? గది పొడవు, వెడల్పు, ఎత్తు దాదాపు సమానంగా ఉంటే ఇదే ఇబ్బంది. కిక్ డ్రమ్ బరువంతా ఉండేది అక్కడే. బాస్ గిటార్‌లో సి స్వరం 65 దగ్గర, సి షార్ప్ 69 దగ్గర. ఆ స్వరాలు వాయించినప్పుడు గది తానూ పాడుతుంది. వాటి రెట్టింపులు 113, 126, 141 దగ్గర కూడా కొంచెం అల్లరి ఉంటుంది. మగ గొంతు అడుగు భాగం అక్కడికి వస్తుంది.

కాగితం మీది లెక్కను నమ్మమని చెప్పను, నీ చెవితో విను. ఏదీ కొనకముందే ఒక పని చెయ్యి. ఎవరిదైనా మంచి స్పీకరు ఒక రోజుకు అడిగి తెచ్చుకో. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ (నువ్వు చెప్పిన ఒక్క స్వరాన్నే మోగించేది) వేసి, 63 హెర్ట్జ్ పెట్టి, చిన్న సౌండ్‌తో ముందు గోడ మూలలో మోగించు. నువ్వు ముందు గోడ నుంచి వెనక గోడ దాకా మెల్లగా నడువు. గోడ దగ్గర కడుపులోకి వచ్చినట్టుంటుంది. సరిగ్గా మధ్యలో, నాలుగున్నర అడుగుల దగ్గర, ఎవరో స్విచ్ ఆపేసినట్టు మాయమవుతుంది. ఇంకో అడుగు వేస్తే మళ్లీ వస్తుంది. మొదటిసారి ఇది విన్నప్పుడు నేను స్పీకర్ వైరు ఊడిందేమో అని వెళ్లి చూశాను. ఆ తర్వాత 40 నుంచి 200 దాకా ఐదేసి చొప్పున పెంచుతూ పో. నువ్వు కూర్చోబోయే చోట ఏది ఉబ్బుతోంది, ఏది మాయమవుతోంది, ఒక నోట్‌బుక్‌లో రాసుకో. కొలత మైక్ దొరికితే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే వస్తుంది, గ్రాఫ్ గీసి చూపిస్తుంది. మైక్ దొరక్కపోయినా నోట్‌బుక్‌తో పని నడుస్తుంది.

కూర్చునే చోటు అన్నిటికంటే ముఖ్యం, దానికి రూపాయి కూడా ఖర్చు లేదు. 8 అడుగుల గోడకు, అంటే తలుపు లేని పొట్టి గోడకు, ఎదురుగా కూర్చో. స్పీకర్లను ఆ ముందు గోడకు ఆనించినంత దగ్గరగా పెట్టు. వాటి ముఖం గోడకు ఒక అడుగు దూరంలో ఉంటే చాలు. రెండు స్పీకర్ల మధ్య 3 అడుగులు. నీ తల కూడా ఒక్కోదానికి 3 అడుగుల దూరంలో ఉండాలి. మూడు వైపులూ సమానమైన త్రిభుజం అన్నమాట. లెక్కేసి చూస్తే నీ చెవి ముందు గోడకు 3.6 అడుగుల దగ్గర పడుతుంది. గది పొడవులో 40 శాతం. ఉబ్బే చోటూ కాదు, మాయమయ్యే చోటూ కాదు. ట్వీటర్లు, అంటే స్పీకర్లో పై స్వరాలు పలికే చిన్న భాగాలు, చెవి ఎత్తులో ఉండాలి. స్పీకర్ల కింద దళసరి రబ్బరు ముక్కలు వెయ్యి, లేకపోతే బల్ల కూడా మోగుతుంది.

స్పీకరును గోడకు 3 అడుగులు ముందుకు జరిపితే మంచిదని ఎక్కడో చదివే ఉంటావు. అది పెద్ద గదుల మాట. 3 అడుగులు జరిపితే ముందు గోడకు కొట్టుకుని వచ్చిన శబ్దం 94 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది. దాన్ని నాలుగంగుళాల రాక్‌వూల్ ఉన్నితో (దాని సంగతి కింద చెబుతాను) సరిచేయలేం. ఒక అడుగు దగ్గరే ఉంటే ఆ గుంట 280 పైకి వెళ్తుంది, ఉన్ని దాన్ని సులువుగా మింగేస్తుంది.

వెడల్పులో నా తల మధ్యలోనే ఉంది కదా, మరి 71 మాయం కాదా అని అడుగుతావు. అడగాల్సిన ప్రశ్నే. బాస్ రెండు స్పీకర్లలోనూ సమానంగా వస్తుంది గనుక, పక్క గోడలకు సమాన దూరంలో ఉంటే ఆ మోతను అవి లేవనే లేవనివ్వవు. అందుకే టేపు పెట్టి కొలువు. ఎడమ స్పీకరు పక్క గోడకు రెండున్నర అడుగులుంటే కుడిదీ రెండున్నరే ఉండాలి, కంటితో చూసి సరిపోయింది అనుకోవద్దు.

ఇక డబ్బు పెట్టాల్సింది రాక్‌వూల్ మీద. బాయిల్డ్ రైస్ మిల్లుల్లో బాయిలర్లకూ ఆవిరి పైపులకూ వేడి పోకుండా చుట్టే ఉన్ని ఉంటుంది చూడు, ఆ జాతి. పెద్దపల్లి, కరీంనగర్ వైపు మిల్లులవాళ్లను అడిగితే ఎక్కడ తెస్తారో చెబుతారు. స్టూడియో సామాన్ల షాపులో అడిగేదానికంటే ఇన్సులేషన్ సామాను అమ్మేచోట అడగడం మేలు. 48 సాంద్రత (ఘనపు మీటరుకు 48 కిలోలు), 50 ఎంఎం మందం పలకలు అడుగు. రెండు పలకలు కలిపితే నాలుగంగుళాలు. వడ్రంగితో 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు చెక్క ఫ్రేములు చేయించి అందులో నింపు, వెనక వైపు మూయకు. గోడకు ఆనించి కాకుండా నాలుగంగుళాలు వదిలి నిలబెడితే ఆ ఖాళీ కూడా పనిచేస్తుంది. వానాకాలంలో గోడ చెమ్మ తగలకుండానూ ఉంటుంది. కోసేటప్పుడు మాస్కు, గ్లోవ్స్, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. నేను ఒకసారి బనియన్‌తో కోశాను, రెండు రోజులు ఒళ్లంతా దురదే. పైన బట్ట ఏది వెయ్యాలో పరీక్ష ఉంది: నోటికి అడ్డం పెట్టుకుని ఊదు, గాలి సులువుగా అటు వెళ్తే ఆ బట్ట పనికొస్తుంది.

ముందు మూలల్లో మొదలుపెట్టు. రెండు ముందు మూలలకూ అడ్డంగా, కింద నుంచి పైదాకా ఫ్రేములు నిలబెట్టు. బాస్ పోగయ్యేది మూలల్లోనే. తలుపు లేని వెనక మూలకూ అలాగే. ఆ తర్వాత వెనక గోడ, అక్కడ మాత్రం పిసినారితనం వద్దు. తలుపు పోగా నీకు 5 అడుగుల గోడ మిగులుతుంది, దానికి 8 అంగుళాల మందం వెయ్యి. కాళ్లు చాపుకునే చోటు తగ్గుతుందని బాధ పడతావు, నేనూ పడ్డాను. కానీ ఫ్రేములు పెట్టిన రోజు బాస్ గిటార్ స్వరాలు ఒక్కొక్కటిగా విడివిడిగా వినిపించాయి. అంతకుముందు అన్నీ కలిసి ఒకే గుమ్ముడు. ఆ రోజు పాత పాటలన్నీ మళ్లీ పెట్టుకుని రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను.

పక్క గోడలకు ఒక్కో ఫ్రేము చాలు. ఎక్కడ పెట్టాలంటే, నువ్వు కుర్చీలో కూర్చో, తమ్ముడినో చెల్లెనో అద్దం పట్టుకుని గోడ వెంబడి జరపమను. అద్దంలో స్పీకరు కనిపించిన చోటు గుర్తు పెట్టు. ఎడమ వైపు అది కిటికీ మీద పడితే కింద కాళ్లున్న స్టాండు చేయించి కిటికీ ముందు నిలబెట్టు, గాలి కావాలంటే జరుపుకోవచ్చు. అదే అద్దం పరీక్షతో పైకప్పుకు ఒక ఫ్రేము వేలాడదీయి. స్లాబ్‌కు యాంకర్ బోల్టులు వేయించు, మేకులతో సరిపెట్టకు, నీ తల మీద ఉండే వస్తువు అది. సీలింగ్ ఫ్యాన్ అడ్డం వస్తుంది. తీసేయి. దాని రెక్కలు తిరుగుతుంటే రివర్బ్ తోకలు, అంటే స్వరం ఆగాక మిగిలే ప్రతిధ్వని, వినపడవు. మన ఎండలకు ఏసీ లేకుండా అక్కడ కూర్చోలేవని తెలుసు. స్ప్లిట్ ఏసీ పెట్టుకుంటే గాలి నీ వెనక నుంచి వచ్చేలా చూసుకో. కానీ స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్నదాన్నే చల్లబరుస్తుంది. గంటకోసారి తలుపు తెరిచి పది నిమిషాలు బయటికి రా. చెవికీ విశ్రాంతి.

నేల మీద మాత్రం షాపులో కొన్న కార్పెట్ వేయకు. కొత్తవాడ జంపఖానా ఒకటి తెచ్చుకో. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. దళసరి నూలు, నేల మీది టంగుటంగు మోతను కోసేంత పని చేస్తుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. నాది ఇప్పటికీ ఉంది, అంచు ఒక వైపు మాత్రం కుర్చీ చక్రాలకు నలిగింది.

రాక్‌వూల్ కొనేముందే తేడా తెలుసుకోవాలంటే ఇంట్లో పాత దూది పరుపులుంటాయి కదా, రెండు చుట్టి ముందు మూలల్లో నిలబెట్టి, ఒకటి వెనక గోడకు ఆనించి, పాట పెట్టి విను. తర్వాత తీసేసి విను. పరుపులే శాశ్వతంగా ఉంచుకోవచ్చా అంటే వద్దు, చెమ్మ పడుతుంది, పురుగు పడుతుంది, నిప్పుకు ఆగదు.

స్పీకర్లు 5 అంగుళాలవి తీసుకో. ఈ గదిలో 8 అంగుళాలవీ సబ్‌వూఫరూ గది అల్లరిని పెంచడానికే పనికొస్తాయి. యమహా హెచ్‌ఎస్5 లాంటివాటికి వెనక రూమ్ కంట్రోల్ స్విచ్ ఉంటుంది, గోడ దగ్గర పెట్టినప్పుడు ఉబ్బే కింది స్వరాలను 2 లేదా 4 డెసిబెల్స్ తగ్గిస్తుంది. నీలా గోడకు దగ్గరగా పెట్టేవాళ్ల కోసమే అది. ఈక్వలైజర్‌తో గదినే సరిచేయొచ్చు కదా అంటారు కొందరు. ఉబ్బిన చోట కొద్దిగా కోయొచ్చు. మాయమైన చోట పెంచితే మాత్రం ఏమీ రాదు, ఎంత పోస్తే అంత ఇంకిపోతుంది, స్పీకరు మీద భారం తప్ప.

లక్షలో 35 వేలు గదికి పక్కన పెట్టు, అందులోంచి ఒక్క రూపాయి కూడా స్పీకర్ల వైపు జరపొద్దు. మిగిలింది స్పీకర్లకూ, ఇంటర్‌ఫేస్‌కూ (కంప్యూటర్‌ను స్పీకర్లకూ మైక్‌కూ కలిపే పెట్టె), ఒక మంచి ఓపెన్‌బ్యాక్ (వెనక వైపు మూసి ఉండని) హెడ్‌ఫోన్‌కూ. హెడ్‌ఫోన్ ఎందుకంటే, ఎంత ఉన్ని పెట్టినా ఈ గది 80 హెర్ట్జ్ కింద పూర్తిగా నిజం చెప్పదు. కిక్‌కూ బాస్‌కూ కింద ఎవరి చోటు ఎంత అన్నది హెడ్‌ఫోన్‌లో తేల్చుకో. గొంతు ఎంత ముందుండాలి, కోరస్ ఎంత పక్కకు, రివర్బ్ ఎంత, ఇవి స్పీకర్లలో తేల్చుకో. హెడ్‌ఫోన్లకు అలవాటుపడ్డవాడివి కాబట్టి నీకు ఇది కష్టం కాదు.

కరెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను. వైరింగ్ చేసేవాణ్ని పిలిచి ఎర్తింగ్ చూపించు. స్పీకర్లు, ఇంటర్‌ఫేస్, కంప్యూటర్ అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకో, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లే (బయటి కరెంటు చప్పుడు చొరబడకుండా చేసేవి) వాడు. సగం హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే చప్పుడు, అక్కడే పోతుంది.

రైళ్లు. ఇది విని నిరాశపడకు: ఉన్ని ఫ్రేములు రైలు చప్పుడును ఆపవు. గది లోపలి మోత తగ్గించడం ఒక పని, బయటి చప్పుడు రాకుండా ఆపడం వేరే పని. ఆపాలంటే బరువు కావాలి, సందు లేకుండా మూయడం కావాలి. తలుపు చుట్టూ రబ్బరు బీడింగ్, కింద సందుకు పట్టీ, కిటికీకి లోపలి నుంచి దళసరి అద్దంతో రెండో రెక్క, ఇవి చేయించు. హారన్ తగ్గుతుంది. గూడ్స్ బండి వెళ్తుంటే నేలలోంచి వచ్చే అదురు మాత్రం తగ్గదు, దాని కోసం డబ్బు తగలేయొద్దు. మిక్సింగ్‌కు నిశ్శబ్దం అవసరమే గానీ నిరంతరం అక్కర్లేదు. బండి వెళ్లేదాకా ఆగి, మళ్లీ ప్లే నొక్కుతావు. గొంతు రికార్డింగ్ మాత్రం ఆ గదిలో పెట్టుకోకు.

సౌండ్ ఎంత పెట్టాలో ఒకసారి స్థిరం చేసుకో. 1933లో ఫ్లెచర్, మున్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు, సౌండ్ తగ్గేకొద్దీ మన చెవి బాస్‌ను ఇంకా తక్కువగా వింటుంది, పెంచేకొద్దీ ఎక్కువగా వింటుంది. అందుకే గట్టిగా పెట్టుకుంటే ఏ మిక్స్ అయినా గొప్పగా అనిపిస్తుంది. 1500 ఘనపు అడుగులలోపు గదులకు అమెరికా టీవీ ప్రసారాల ప్రమాణాల్లో 76 డెసిబెల్స్ సూచించారు. నీ గది 720 ఘనపు అడుగులే. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి 75 దగ్గర ఆపి, నాబ్ మీద మార్కర్‌తో గీత పెట్టు. రోజూ ఆ గీత మీదే పని. మధ్యలో ఒకసారి బాగా తగ్గించి విను, గొంతూ సిర్ర దెబ్బా అప్పుడు కూడా తెలియాలి. పక్కింటివాళ్లతో పేచీ కూడా ఉండదు. పాట పూర్తయ్యాక గట్టిగా రావాలని లిమిటర్‌తో (శబ్దం హద్దు దాటకుండా నొక్కేది) నలపకు, యూట్యూబ్ మైనస్ 14 లఫ్స్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) కంటే గట్టిగా ఉన్నదాన్ని ఎలాగూ తగ్గిస్తుంది. నలిగిన డప్పు మాత్రం నలిగినట్టే మిగులుతుంది.

చివరగా, నీకు కంఠతా వచ్చిన పాటలు మూడు ఎంచుకో. గ్రౌండ్‌లో, పెళ్లి బరాత్‌లో, ఆటోలో, ఫోన్‌లో ఎక్కడ విన్నా బాగున్నవి. పది రోజులు ఏ మిక్సూ మొదలుపెట్టకుండా, కొత్త గదిలో ఆ మూడే విను. వాటిలో బాస్ నీ గదిలో ఎంత వినిపిస్తుందో, నీ పాటలోనూ అంతే వినిపించాలి. అంతకంటే తక్కువైనా ఎక్కువైనా ఒప్పుకోకు.

ఫోమ్ ఆయనకు మర్యాదగానే వద్దని చెప్పు. గది ఖాళీగా ఉన్నప్పుడే ఆ టోన్ పరీక్ష చేసి, నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి పంపు. తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా రాయి, లోపలికి తెరుచుకుంటే వెనక గోడ ఫ్రేముల కొలత కొంచెం మార్చాల్సి వస్తుంది.